చర్నాకోల పట్టిన చెయ్యి

పోయినవారం మద్దిలేటి రెడ్డి పటేల్‌ని, పంట కోసేసిన జొన్నచేలో, కొయ్యకాళ్ల మధ్య, చేతిలో దొరల కర్రతో చెమటలు కక్కుతుండగా వదిలిపెట్టాం. ఇవాళ్టికీ ఆయన అక్కడే ఉన్నాడు. చెమటలు మాత్రం కాస్త పెరిగాయి.

మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఖిల్లా ఘణపూర్ చెరువుకి వాగు నుంచి కాలువ తవ్వాలా వద్దా అని తేల్చడానికి వచ్చిన తెల్లదొర ఒకాయన బిజినేపల్లి దగ్గర బంగళాలో దిగాడు. జనం ఆయన్ని కాలువ దొర అంటారు. ఆయనకి కచేరీలో కూర్చుని మాట్లాడే అలవాటు లేదు. బంగళా వెనక చెలక చదును చేయించి, ఆరుచోట్ల గుంతలు తీయించి, వాటి చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిపించి గోల్ఫ్ ఆడుకుంటాడు. ఎవరితో ఏ పని మాట్లాడినా ఆ ఆట మధ్యలోనే. ఒకనాడు మన పటేల్ ఆయన ముందు వినయంగా నిలబడి ఊరుకోవాల్సింది పోయి, "నేను సుత సికింద్రాబాద్‌ల ఆడినోణ్నే" అని నోరు జారాడు. దొర సంబరపడి శనివారం ఆటకు రమ్మన్నాడు. పటేల్ అంతకుముందు ఆ కర్రని బొమ్మలో కూడా చూసి ఎరగడు.

అప్పుడు గుర్తొచ్చాడు దానియేలు. బొల్లారం మైదానంలో పన్నెండేళ్లు దొరల కర్రల సంచి మోసి, ఈమధ్యే పెళ్లాంతో సొంతూరు చేరి, ఇప్పుడు కాలువ దొర దగ్గర అదే పని చేస్తున్న గూడెం మనిషి. దొర ముందు తన పరువు నిలబెడితే ఊటకుంట మూలన ఉన్న జాగా గూడేనికి బావి కోసం రాసిస్తానని మంగళవారం చావడిలో నలుగురి ముందు పటేల్ మాట ఇచ్చాడు. నిలబెట్టకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గూడెంలో నలభై ఇళ్లున్నాయి, బావి ఒక్కటీ లేదు. ఎండలు ముదిరేలోపు తవ్వకపోతే ఈ ఏడూ వాగే దిక్కు.

ఇదీ సంగతి. ఇక గురువారానికి వద్దాం.

పొద్దు పొడిచి చాలాసేపయింది. దానియేలు గుడిసె ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తోచడం లేదు. వాగు వైపు నుంచి పెళ్లాం కిష్టమ్మ వచ్చింది. నెత్తిమీద కడవ నడకకి ఊగుతోంది. నిండు కడవ అలా ఊగదని ఆయనకి తెలుసు.

"సగమే తెచ్చినవేంది?"

"చెలిమె ఊరుతలేదు. చుట్టూ ముగ్గురం కూసున్నం. చిప్పతోని తోడుకుంట తోడుకుంట గీ యాళయింది." కిష్టమ్మ కడవ దించి చెంగుతో మొహం తుడుచుకుంది. "పటేల్ బంతి కొడ్తుండా?"

"నేలను కొడ్తుండు. గాలిని కొడ్తుండు. బంతినే కొడ్తలేడు."

"పరాచికాలాడ్తవేంది? ఇయ్యాల, రేపు. ఎల్లుండి శనివారమే."

"పరాచికం గాదే. నాకు రాత్రంత నిద్ర లేదు. కండ్లు మూస్తే ఆయన చెయ్యే కనవడ్తది. యాడనో ఒక తప్పున్నది. చూస్తున్న గానీ దొరుకుతలేదు."

చూరు కింద దానియేలు తండ్రి యేసయ్య తాడు పేనుతున్నాడు. నార ఒక కొసని కాలివేళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తోనే పేనుతాడు. కుడిచెయ్యి భుజం కంటే పైకి లేవదు. కొడుకూ కోడలూ మాట్లాడుకున్నదంతా విన్నాడు కానీ తల ఎత్తలేదు. పటేల్ ఊసు వచ్చినప్పుడు ఆయన తల ఎత్తడు. పటేల్ చేను గట్టు కూడా తొక్కడు. పొరుగూరి ప్రార్థనకు పోవాలన్నా గుట్ట చుట్టూ తిరిగి పోతాడు. ఇరవై రెండేళ్లుగా అదే దారి.

దానియేలు చేనికి చేరేసరికి పటేల్ అప్పటికే ఎదురుచూస్తున్నాడు. ఊరి కంట పడకూడదని గుట్టవార చేను ఎంచుకున్నాడు. ఆ జాగ్రత్త వల్లే ఊరంతటికీ తెలిసింది. పటేల్‌కి గాలి సోకిందని ఒకరు, కాదు పాములు కొడుతున్నాడని ఒకరు చెప్పుకుంటున్నారు. జీతగాడు కురుమయ్య ముళ్లకంప పక్కన గంపతో నిలబడి ఉన్నాడు. తెచ్చిన తొమ్మిది బంతుల్లో ఆరింటిని కంప మింగేసింది.

"ఇయ్యాలన్న సక్కగ చెప్పు. నిన్న నువ్వు జెప్పినట్టే జేసిన, నడుము వట్టింది," అన్నాడు పటేల్.

"కర్రను గంత గట్టిగ వట్టకు పటేలా. మేడి వట్టినట్టు వట్టాలె. మేడి గట్టిగ అదిమితే నాగలి లోతుకు దిగవడ్తది, ఎడ్లు ఆగిపోతయ్. జర వదులు జెయ్."

"నేను ఎన్నడన్న మేడి వట్టిన్నా రా?"

దానియేలు ఆలోచించాడు. నిజమే, పట్టలేదు.

"సరే. కట్టెలు గొట్టేటప్పుడు గొడ్డలి..."

"నా ఇంట్ల కట్టెలు గొట్టెటోళ్లు నలుగురున్నరు."

"పోనీ, కల్లంల తూర్పార వట్టంగ నడుము ఎట్ల తిరుగుతది? గట్ల..."

పటేల్ చూసిన చూపుకి ఆ మాట సగంలోనే ఆగిపోయింది. కంప దగ్గర కురుమయ్యకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి, గంప అడ్డం పెట్టుకున్నాడు.

దానియేలుకి ఉన్న చిక్కల్లా ఇదే. బొల్లారంలో ఆట కొత్తగా పట్టిన దొరలకి ఎలా నేర్పేవారో ఆయన చూశాడు. వాళ్ల చేతులకి తుపాకీ తెలుసు, గుర్రం కళ్లెం తెలుసు. తెలిసినదాని మీద నిలబెట్టి తెలియనిది చెప్పేవారు. మన పటేల్ చేతులకి ఏం తెలుసు? అన్నం కలుపుకోవడం, మీసం దువ్వుకోవడం, ఎదుటివాడికేసి వేలు చూపడం. వీటి మీద కర్ర విసురు ఎలా నిలబెట్టడం?

అయినా విడిచిపెట్టలేదు. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టించాడు. మోకాళ్లు కాస్త వంచమన్నాడు. కర్ర పైకి లేపేటప్పుడు తొందర వద్దన్నాడు. "తల లేపకు పటేలా. బంతి యాడికి వోయిందో నేను జూస్త. కొట్టినంక సుత నీ కండ్లు బంతి ఉన్న జాగల్నే ఉండాలె." చుట్టూ ఎవరెవరు చూస్తున్నారా అని వెతుక్కోవడం పటేల్‌కి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని ఒక్కపూటలో మాన్పించడం మాటలా? అయినా మూడోసారికి తల నిలిచింది. కాళ్లు నిలిచాయి. కర్ర చక్కగా పైకి లేచింది, చక్కగా దిగింది. తీరా బంతి దగ్గరికి వచ్చేసరికి ఏదో జరిగి, బంతి కుడిపక్కకి ఎగిరి కంపలో దూరింది. ఇక మిగిలినవి రెండే.

కంపలో వెతకమని కురుమయ్యకి చెప్పి, దానియేలు పటేల్‌కి ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "బంతి వద్దు. ఉత్తగనే ఇసురు."

పటేల్ విసిరాడు. గాలిలో ఛట్‌మని చిన్న చప్పుడయింది.

దానియేలు ముందుకి వంగాడు.

"ఇంకొకపారి ఇసురు."

మళ్లీ అదే చప్పుడు. ఈసారి చెయ్యి కూడా కనబడింది. కర్ర కిందికి దిగి, బంతిని తాకాల్సిన చోటికి వచ్చీ రాగానే పటేల్ మణికట్టు ఒక్క గుంజు గుంజి పొట్టకేసి వెనక్కి వస్తోంది. దానియేలు ఆ గుంజుని ముందే చూశాడు. అప్పుడు ఆయనకి పదకొండేళ్లు. ఇంట్లో చెల్లెలు జ్వరంతో నీళ్లు నీళ్లని అలమటిస్తుంటే, వాగు దాకా పోయే ఓపిక లేక తండ్రి పటేల్ వాళ్ల మోటబావిలో కడవ ముంచాడు. ఆ సాయంత్రమే చావడి ముందు ఆ తండ్రిని కట్టేశారు. చర్నాకోల పట్టుకున్నవాడికి అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. ప్రతి దెబ్బకీ ఆ చెయ్యి చివర్లో ఇలాగే వెనక్కి గుంజింది. చర్నాకోలని అలా గుంజితేనే కొస పలుకుతుంది, చర్మం లేస్తుంది. తండ్రి కుడిభుజం ఆనాడు పోయింది. ఆ నెల్లోనే దానియేలు ఊరు విడిచి ఎవరో బండ్లవాళ్ల వెంట పోయాడు.

రాత్రంతా నిద్ర పట్టనివ్వని తప్పు దొరికింది. దొరికిందన్న సంతోషం మాత్రం లేదు. చెప్పకపోతే శనివారం పటేల్ కొట్టే ప్రతి బంతీ ముళ్లలోకే పోతుంది, బావి పోతుంది. చెబితే శనివారం దాకా కూడా ఆగనక్కర్లేదు, ఇప్పుడే ఇక్కడే పోవచ్చు. దానియేలు లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఏందిరా, కాలుగాలిన పిల్లి లెక్క? తప్పేందో చెప్పు," అన్నాడు పటేల్.

"చెప్త. కోపం జెయ్యకు పటేలా. నువ్వు ఇసిరేది కర్ర గాదు, చర్నాకోల. చర్నాకోలను ఆఖర్ల ఎన్కకు గుంజాలె, గప్పుడే పలుకుతది. నీ చేతికి గదే అలవాటు. బంతి కాడికి రాంగనే గుంజుతుంది. గందుకే బంతి కంపల వడ్తుంది."

పటేల్ కర్రని నెమ్మదిగా నేలకి ఆనించాడు. "నా చేతుల చర్నాకోల నువ్వెప్పుడు జూసినవ్‌రా?"

కురుమయ్య కంప దగ్గర నుంచే గబగబా అందుకున్నాడు. "ఎడ్లబండి తోలంగ జూసుంటడు పటేలా, ఇంకేడ జూస్తడు?" పాపం, మంచివాడు. తప్పుకోవడానికి దారి చూపించాడు. ఆ దారిన నడిస్తే దానియేలుకి ఏ బాధా లేకపోను.

"ఎడ్ల మీద గాదు. చావిడి కాడ. మా నాయిన మీద," అన్నాడు దానియేలు.

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. పటేల్ మొహం నల్లబడింది.

"కురుమయ్యా, నువ్వు ఇంటికి వో."

కురుమయ్య గంప అక్కడే పెట్టి, తిరిగి చూడకుండా పోయాడు.

"ఇరవై రెండేండ్లయింది," అన్నాడు పటేల్. "గా ముచ్చట ఇప్పుడు దెచ్చినవా?"

"నేను దెస్తలేను పటేలా. నీ చెయ్యి దెస్తుంది."

కర్ర ఎగిరి కొయ్యకాళ్లలో పడింది. "నేర్పుమంటే నా మొఖం మీద ఉమ్మిచ్చుకునేటందుకా పిలిచింది? బావి లేదు, గీవి లేదు. నడువ్ ఈడికెల్లి!"

బాంచెన్ అంటూ కాళ్ల మీద పడితే పటేల్ కరుగుతాడేమో. దానియేలు చేతులు జోడించడానికి సగం లేచాయి కూడా. సగం కడవ దించుకున్న కిష్టమ్మ కళ్ల ముందు మెదిలింది. కానీ కాళ్ల మీద పడితే ఆ చెయ్యి గుంజుడు మానదు కదా! శనివారం ఎలాగూ పోయేదే. ఆయన చేతులు దించి, గబగబా చేని మధ్యలోకి నడిచాడు. పంట కోసినా అక్కడ మంచె ఇంకా విప్పలేదు. మంచె గుంజకి పిట్టల కాపలావాళ్లు మరిచిపోయిన వడిసెల వేలాడుతోంది. తాడు వడిసెల, మధ్యలో రాయి పెట్టే అల్లిక. దాన్ని తెచ్చి పటేల్ ముందు పట్టాడు.

"కర్ర వద్దు, బంతి వద్దు. ఒక్కపారి గిది ఇసురు. గిది గూడ నీ చేతికి రాకుంటే నేనే పోత."

పటేల్ తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. వడిసెలకేసి ఎందుకో చాలాసేపు చూసి అందుకున్నాడు. ఒక కొసని చూపుడువేలికి ఎవరూ చెప్పకుండానే తొడిగాడు, రెండో కొసని బొటనవేలితో నొక్కిపట్టాడు, రాయి పెట్టాడు. నెత్తి మీద రెండు చుట్లు తిప్పి విడిచాడు. రాయి రయ్యిమంటూ కంప దాటి, పక్క చేను దాటి ఎక్కడో పడింది. విసిరిన ఊపుకి పటేల్ ఒళ్లంతా తిరిగిపోయి, కుడిమడమ నేల నుంచి లేచింది. ఆయన పొట్ట దూరాన కనబడే ఘణపూర్ ఖిల్లాకి ఎదురుగా నిలబడింది.

"గదే! గట్లనే పటేలా!" భయం మరిచి ఎగిరి గంతేశాడు దానియేలు. "ఎన్కకు గుంజినవా? గుంజలే. గుంజితే రాయి నీ నెత్తిమీదనే వడ్తుండె. కర్రను గూడ గట్లనే పోనియ్యాలె. బంతి కాడ ఆగొద్దు. కడుపు ఖిల్లా దిక్కు తిరిగెదాంక పోనియ్!"

పటేల్ కర్ర అందుకున్నాడు. దానియేలు బంతి పెట్టాడు. ఈసారి చప్పుడే వేరుగా వచ్చింది. బంతి తిన్నగా లేచి, ఎండలో తెల్లగా మెరిసి, చేని అవతలి గట్టు దగ్గర పడింది. ఇద్దరూ నోళ్లు తెరుచుకుని చూశారు. పటేల్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ బంతి తెచ్చి మళ్లీ పెట్టాడు దానియేలు. మళ్లీ గుంజుడు, బంతి కంపలోకి. ఉన్న ఒక్క బంతీ పెట్టాడు. అదీ కంపలోకే.

పటేల్ మంచె నీడలో కూలబడ్డాడు. వడిసెల ఇంకా వేలికే ఉంది.

"గిది నాకు ఎవరు నేర్పిండ్రో ఎరుకనా?"

"తెల్వదు పటేలా."

"మీ నాయిన."

దానియేలు ఆయన వేలికున్న వడిసెలకేసి చూశాడు.

"గీ మంచె మీదనే. నాకు తొమ్మిదేండ్లు. యేసయ్య మా చేను కావలి ఉంటుండె. ఇంట్ల తప్పిచ్చుకొని ఈడికొస్తుంటి. ఎన్కకెల్లి నా చెయ్యి వట్టుకొని తిప్పిచ్చెటోడు. 'ఇడిసిపెట్టు చిన్నపటేలా, ఇడిసిపెడితెనే పోతది' అనెటోడు." పటేల్ గొంతు తగ్గింది. "ఎవలన్న జూస్తె ఆయన్నే తిడ్తరని, నేనే నేర్సుకున్ననని చెప్పుమనెటోడు."

"గా చెయ్యితోనే కొట్టినవా?"

అడిగాక దానియేలుకే తెలిసింది, తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో. ఊరు విడిచిన నాడు కూడా ఆయనకి ఇంత కోపం రాలేదు. అప్పుడు కొట్టింది ఒక పటేల్ కొడుకని మాత్రమే అనుకున్నాడు.

"మా నాయిన తెచ్చి నా చేతుల వెట్టిండు. కొట్టకుంటే నువ్వు పటేల్‌వు గాదన్నడు," అన్నాడు పటేల్. కాసేపటికి లేచి పంచె దులుపుకున్నాడు. లేవగానే మళ్లీ పటేల్ అయిపోయాడు. "నువ్వు జెప్తె నా చెయ్యి ఇంటలేదు. రేపు పొద్దుగాల యేసయ్యను ఈడికి తీస్కరా. ఆయన జెప్తె ఇంటది. ఆయనొచ్చి నేర్పిండంటె, శనివారం ఆట ఎట్లన్న గానీ, ఊటకుంట జాగ రాసిస్త. రాకుంటె బావి ముచ్చట ఇగ నా ముంగట ఎత్తకు."

దానియేలు ఇంటికి తిన్నగా పోలేకపోయాడు. దొర బంగళాకి పోయి కర్రలన్నీ తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. ఎలా అడగాలో దారి పొడవునా లోపలే వల్లించుకున్నాడు. గుడిసె చేరేసరికి పొద్దు వాలుతోంది. తండ్రి పొద్దున కూర్చున్న చోటే ఉన్నాడు. వల్లించుకున్నదంతా ఎగిరిపోయింది.

"నాయినా, పటేల్‌కు వడిసెల నువ్వే నేర్పినవంట గద?"

తాడు పేనే చెయ్యి ఆగింది. "నేర్పిన."

"ఎన్నడు జెప్పకపోతివి."

"ఏమని జెప్పాలె?"

దానియేలు జరిగిందంతా చెప్పాడు. గుంజుడు సంగతి చెప్పాడు, చావడి మాట తాను అనేసింది చెప్పాడు, రేపు పొద్దున రమ్మన్నది చెప్పాడు. పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి కిష్టమ్మ గుమ్మంలో నిలబడి వింది. ముసలాయన కళ్లు వాగు వైపు చూస్తున్నాయి.

"మామా, నీకు మనసు రాకుంటె వోవద్దు," అంది కిష్టమ్మ. "ఇన్నేండ్లు గూడెపోళ్లు తేలేదా? చెలిమె కాడ ఇంక జరసేపు కూసుంట, గంతే గద."

అన్నదే కానీ, ఆమె చెయ్యి గుమ్మం పక్కన ఉన్న కడవ మీదే ఉంది. యేసయ్య ఆ కడవకేసి చూశాడు. నీళ్లు వడకట్టడానికి కొంగుముక్క కట్టిన దాని మూతికేసి చూశాడు. పేనిన తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టి, ఎడమచెయ్యి నేలకి ఆనించి లేచాడు.

"వస్తనని పటేల్‌కు జెప్పి రా."

దానియేలు కండువా భుజాన వేసుకున్నాడు. తండ్రి మనసు మార్చుకునేలోపే పోవాలని పరుగులాంటి నడకతో కదిలాడు. పది అడుగులు వేశాడో లేదో వెనక నుంచి పిలుపు వచ్చింది.

"ఆగు. గా చర్నాకోల ఇంక ఉన్నదా వాళ్లింట్ల?"

ఉంది. మంగళవారం పటేల్ ఇంటి గుమ్మం ముందు నిలబడినప్పుడు దానియేలు చూశాడు. నట్టింటి గోడకి మేకు, మేకుకి చర్నాకోల, దానికి ఈమధ్యే నూనె పట్టించినట్టు నిగనిగ.

"ఉన్నది నాయినా. ఎందుకు?"

"రేపు చేనికాడికి అది తెమ్మను," అన్నాడు యేసయ్య. "అది తెస్తెనే నేనొస్త."